మూడో గేటు

తెల్లవారుజామున నాలుగింటికి
కంట్రోల్ రూమ్‌లో నా టీ చల్లారిపోతుంది.
తెరమీద కఫూయే నది
ఒక పచ్చటి అంకె, ఒక చుక్క,
చుక్క తర్వాత మరో రెండంకెలు.
పగలైతే కిటికీలోంచి అసలు నది కనిపిస్తుంది,
అంకెని నమ్మడం కాస్త కష్టమవుతుంది.

నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఈ నీటికి పల్లమెటో
నేను మీట నొక్కితేనే తెలుస్తుంది.
పదకొండేళ్ళుగా ఇదే నా కొలువు.

ఈ గోడకి దిగువన, చాలా దిగువన, మా మైదానం.
మునుపు వానలు వెనకబట్టాక
నది అక్కడ ఒళ్ళు మరిచి పరుచుకునేదట,
ఒడ్డు ఎక్కడంటే ఎవరూ చెప్పలేనంతగా.
లేచ్వే జింకలు కడుపులోతు నీళ్ళలో మేసేవి.
నీరు తీసిన చోటల్లా పచ్చిక, పచ్చిక వెంట పశువులు.
షిముంజా తాతకి ఈ లెక్కంతా
ఒక చెదపుట్టమీద ఉండేది:
పుట్ట మొదలు తడిస్తే వలలు విప్పుకో,
నడుము మునిగితే పశువుల్ని మెరకకి తోలు,
నెత్తి మునిగిందా,
ఆ ఏడు ధైర్యంగా పెళ్ళిళ్ళు పెట్టుకో.

నాకు ఊహ తెలిసేసరికి
పుట్ట ఎండల్లో తడిసేది, వానల్లో పొడిగా ఉండేది.
చేపలకి తిథులు తప్పాయి.
తాత దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి
ఇంక దాని మాటెత్తలేదు.

తప్పెవరిదంటే నాకు చెప్పడం రాదు.
నేను పుట్టింది కిరోసిన్ బుడ్డి వెలుగులో.
ఆ రాత్రి అమ్మకి నెత్తురు ఆగలేదు,
ఆగలేదని కూడా ఆ వెలుగులో ఎవరికీ కనిపించలేదు.
నా కూతురు లుసాకా ఆస్పత్రిలో పుట్టింది,
నెలలు నిండకుండా.
తొమ్మిది రోజులు గాజుపెట్టెలో,
ఈ నీళ్ళే వెలిగించిన వెచ్చదనంలో.
ఆ తొమ్మిది రోజులూ
నేను మైదానాన్ని తలుచుకోలేదు.
ఒక్కసారి కూడా.

ఈ మార్చిలో కాగితం వచ్చింది.
మూడో గేటు, మూడు వారాలు.
కరెంటువాళ్ళూ చెరకుతోటలవాళ్ళూ
జాలరులూ జింకల్ని లెక్కపెట్టేవాళ్ళూ
రెండేళ్ళు కూర్చుని ఆడిన బేరం,
అచ్చం చేపలసంతే.
అడిగింది గంపెడు, తెగింది దోసెడు.
వరద కాదు,
వరద ఎలా ఉండేదో నదికి గుర్తుచేయడానికి సరిపడా.

గేటు లేచింది. కాళ్ళకింద నేల సన్నగా వణికింది.

మర్నాడే అక్క లుయాండో ఫోను,
లుసాకాలో తన సెలూన్ నుంచి:
"రెండింటి నుంచి కరెంటు లేదు.
సగం గొరిగిన తలతో మనిషి కుర్చీలో కూర్చున్నాడు.
మీ కొంగలు వచ్చి మిగతా సగం గొరుగుతాయా?"
వెనక ఆ మనిషి నవ్వడం వినిపించింది.
అక్క నవ్వలేదు.
అద్దె ఐదో తారీకున కట్టాలి తను.
నేను ఏం చెప్పను,
"నిజమేనే" అన్నాను.

మైదానంలో నీరు పరిగెత్తదు.
గడ్డి గడ్డినీ పలకరించి,
గుంట కనిపిస్తే కూర్చుని,
తోవ మరిచిన చుట్టంలా నడుస్తుంది.
మార్చిలో నేను పంపింది
మే నెలలో తమ్ముడికి చేరింది.

"పుట్టకి మోకాలిదాకా వచ్చింది" అన్నాడు చూల్వే.
నెత్తిదాకా రాదా అని నేను అడగలేదు.
"జింకలు?"
"కొన్ని కనిపించాయి. నేను వల చూసుకుంటున్నా,
వాటినెక్కడ లెక్కపెట్టను?"
తర్వాత ఏమనుకున్నాడో
మాట ఆపి ఫోను నీళ్ళకేసి పట్టాడు.

అరనిమిషం.
ఈ గదిలో యంత్రాల రొద తప్ప ఎన్నడూ వినని నా చెవిలో
వందల గొంతులు,
ఒకదాని మాట ఒకటి వినిపించుకోకుండా.

రిజిస్టర్లో చివరి గడి పేరు "ఇతర విషయాలు."
పదకొండేళ్ళుగా అక్కడ గీత గీసి వదిలేస్తున్నాను.
ఇవాళ రాశాను: కప్పలు.

పొద్దున డ్యూటీ దిగేముందు చూశాను.
పైఅధికారి దాన్ని కొట్టేయలేదు.
పక్కన పెన్సిల్‌తో
ఎన్ని? అని అడిగాడు.